బోదకాలు: మాత్ర ఎవరికి, కాలి సేవ ఎవరికి

మన ఇళ్ళలో బోదకాలు కొత్త మాట కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట వచ్చి రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్‌లలో స్థిరపడిన కుటుంబాల్లో ఒక కాలు బరువుగా ఈడ్చుకుంటూ నడిచే తాతనో, మామ్మనో ఎరగని వాళ్ళు తక్కువ. ఒడియా ఇరుగుపొరుగు దీన్ని గోదర అంటారు. ఆసుపత్రి చీటీ మీద ఫైలేరియా అని రాస్తారు.

ఇంత తెలిసిన జబ్బు గురించి రెండు తప్పు మాటలు ఇంకా మన మధ్య వినబడుతున్నాయి. మొదటిది, "నా కాలు బాగానే ఉంది, నాకెందుకు మాత్ర?" రెండోది, "కాలు వాచిపోయింది, ఇక చేసేదేముంది?" మాత్ర ముఖ్యంగా అవసరమైంది పైకి ఏమీ కనబడని మనిషికే. కాలు వాచిన మనిషికి చేయవలసిన పని రోజూ ఉంది, దానికి ఫలితమూ ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే ఇళ్ళలో గందరగోళం వస్తోంది. అందుకే ఇక్కడ విడివిడిగా చెబుతున్నాం.

జబ్బు ఎలా వస్తుంది

బోదకాలుకు కారణం దారంలాంటి సన్నని పురుగు. మన దేశంలో దాదాపు అన్ని కేసులకూ కారణం ఉకరేరియా బాంక్రాఫ్టీ అనే రకం. దీన్ని మోసుకొచ్చేది క్యూలెక్స్ దోమ. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, నిలవున్న మురికి నీళ్ళు దాని పుట్టిళ్ళు. కొండవాగుల మంచినీటిలో పెరిగి మన జిల్లాలకు మలేరియా తెచ్చిన అనాఫిలిస్ దోమ వేరు, ఇది వేరు.

పెద్ద పురుగులు మనిషి శోషరస నాళాల్లో, అంటే ఒంట్లోని నీరు తిరిగి రక్తంలోకి చేరే సన్నని గొట్టాల్లో, కాపురం పెడతాయి. సుమారు 6 నుంచి 8 ఏళ్ళు బతుకుతాయి. అన్నేళ్ళూ లక్షల కొద్దీ పిల్ల పురుగులను రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. ఆ రక్తం పీల్చిన దోమ ఒంట్లో పిల్ల పురుగు 10 నుంచి 14 రోజుల్లో ముదిరి, ఆ దోమ మరొకరిని కుట్టినప్పుడు వారికి అంటుకుంటుంది.

ఒకటి రెండు కాట్లతో ఈ జబ్బు రాదు. నెలలు, ఏళ్ళ తరబడి ఎన్నో కాట్లు పడాలి. చాలామందికి పురుగు చిన్నతనంలోనే అంటుకుంటుంది, వాపు మాత్రం పెద్దయ్యాక బయటపడుతుంది. ఈ మధ్య కాలంలో మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, పొలానికో కొట్టుకో వెళ్ళి వస్తుంటాడు. కానీ అతని రక్తంలో పిల్ల పురుగులు ఉంటే వీధిలోని దోమలన్నిటికీ అతనే గింజధాన్యం.

ఒకరిని ముట్టుకుంటే ఇది రాదు. కలిసి తింటే, ఒకే మంచం మీద పడుకుంటే రాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వంశపారంపర్యంగా రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే, ఆ ఇద్దరినీ అదే వీధి దోమలు కుట్టాయని అర్థం.

మన జిల్లాలు, మన చుట్టరికాలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. సరిహద్దులు మారినా చుట్టరికాలు మారలేదు. పురుళ్ళకు, పండగలకు, పెళ్ళిళ్ళకు పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు మీదుగా రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. కోడళ్ళు అటునుంచి ఇటు వస్తారు, పిల్లలు చదువుకు ఇటునుంచి అటు వెళతారు.

బోదకాలు బలంగా ఉన్నది తీరం వెంబడి. ఉత్తరాంధ్ర తీర మండలాలు, ఒడిశాలో గంజాం, పూరీ, ఖుర్దా వైపు ఇది చాలాకాలంగా ఉంది. కొండమీద పుట్టి పెరిగి, ఏడాదికి నాలుగు రోజులు చుట్టపుచూపుగా వెళ్ళివచ్చే వారికి భయం తక్కువ. అక్కడ పెరిగి ఇక్కడికి వచ్చిన వారు, అక్కడ ఏళ్ళ తరబడి ఉండి చదివిన లేదా పనిచేసిన వారు మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. మన బ్లాకులో మాత్రలు పంచడం లేదు కాబట్టి మనకు ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు. పంపిణీ ఊరి సర్వేను బట్టి ఉంటుంది, పురుగు మనిషితో పాటు ప్రయాణిస్తుంది. మీ బ్లాకులో పంపిణీ ఉందా లేదా అన్నది ఆశా దీదీని అడిగితే చెబుతారు.

పరీక్ష ఎందుకు రాత్రి

ఈ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పైకి తేలతాయి. రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం కింద రక్తంలో ఎక్కువగా కనబడతాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. అందుకే పగలు తీసిన రక్తంలో ఏమీ లేదన్న చీటీ చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటికి వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకుంటారు. దీనికి విసుక్కోవద్దు. ఇప్పుడు ఎఫ్‌టీఎస్ అనే పట్టీ పరీక్ష కూడా ఉంది. అది పెద్ద పురుగు విడిచే పదార్థాన్ని పట్టుకుంటుంది కాబట్టి పగలైనా చేయవచ్చు.

కాలు బాగా వాచిన వారి రక్తంలో చాలాసార్లు పురుగు దొరకదు. అది వచ్చి, నాళాలను పాడుచేసి, చచ్చిపోయి ఉంటుంది. పరీక్షలో పురుగు లేదన్నా వాపు ఉండడానికి కారణం ఇదే. ఆ కాలికి పురుగు మందుతో ఒరిగేది తక్కువ.

మందు: ఎవరికి, ఎంత

బోదకాలు పురుగుకు ప్రధానమైన మందు డైఇథైల్ కార్బమజైన్. పొట్టిగా డీఈసీ అంటారు. రక్తంలోని పిల్ల పురుగులను ఇది వేగంగా చంపుతుంది, పెద్ద పురుగుల్లో కొన్నిటిని కూడా చంపుతుంది. రక్తంలో పురుగు ఉందని తేలిన వ్యక్తికి మన దేశంలో సాధారణంగా కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల లెక్కన 12 రోజులు ఇస్తారు. 50 కిలోల మనిషికి అది రోజుకు 300 మిల్లీగ్రాములు. ఇది డాక్టరు చూసి రాయవలసిన మందు. దుకాణంలో సొంతంగా కొని వాడేది కాదు.

ఊరందరికీ పంచే మోతాదు వేరు. అది ఏడాదికి ఒక్కసారే వేస్తారు. 2 నుంచి 5 ఏళ్ళ వారికి డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళ వారికి రెండు, 15 ఏళ్ళు దాటిన వారికి మూడు. దీనితో పాటు అందరికీ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. దాన్ని నమిలి మింగాలి. కొన్ని జిల్లాల్లో మూడో మందు ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలుపుతారు. అది 5 ఏళ్ళు నిండిన వారికే ఇస్తారు, ఎత్తు కొలిచి ఒకటి నుంచి నాలుగు మాత్రల దాకా వేయిస్తారు. ఈ మూడు మందుల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫారసు చేసింది. పాపువా న్యూగినీలో జరిగిన పరీక్షలో మూడు మందులూ ఒక్కసారి వేసుకున్న వారిలో దాదాపు అందరి రక్తంలో మూడేళ్ళ తర్వాత కూడా పిల్ల పురుగులు కనబడలేదు.

మాత్ర వేసుకోకూడని వారు: రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో మంచాన పడ్డవారు. ఐవర్‌మెక్టిన్ ఇచ్చే చోట, కాన్పయి వారం దాటని బాలింతకు కూడా అది వద్దు. బీపీ, షుగరు అదుపులో ఉన్నవారు మామూలుగానే వేసుకోవచ్చు. పరగడుపున మాత్రం వేసుకోవద్దు, అన్నం తిన్నాక వేసుకోవాలి. మూర్ఛ, కిడ్నీ జబ్బులాంటివి ఉంటే మాత్ర చేతికి తీసుకోకముందే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి.

ఏటా ఎందుకు వేసుకోవాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఒక మోతాదుతో పిల్ల పురుగులు చాలావరకు పోతాయి. పెద్ద పురుగులు అన్నీ చావవు, మళ్ళీ కంటాయి. వాటి ఆయుష్షు తీరేదాకా ఏటా రక్తాన్ని శుభ్రం చేస్తూ ఉంటే దోమకు మోయడానికి ఏమీ దొరకదు. ఒక ఏడు వేసుకుని రెండో ఏడు మానేస్తే చేసిన పనిలో చాలాభాగం వృథా అవుతుంది. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే ఆ విడతను ఫలించినట్టు లెక్కేస్తారు. అది పంచిన మాత్రల లెక్క కాదు, కడుపులోకి వెళ్ళిన మాత్రల లెక్క. ఆశా దీదీ ఎదురుగా మింగమనేది అందుకే. "తర్వాత వేసుకుంటాం, ఇచ్చి వెళ్ళమ్మా" అని గూట్లో పెట్టిన మాత్ర గూట్లోనే ఉండిపోతుందని మనందరికీ తెలుసు.

మాత్ర వేసుకున్నాక జ్వరం వస్తే

కొందరికి ఆ రాత్రో మర్నాడో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతి వచ్చినట్టుండడం జరుగుతుంది. మందు చెడ్డదై కాదు, ఒంట్లో ఉన్న పురుగులు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చే బాధ ఇది. ఎక్కువ పురుగులు ఉన్నవారికే ఎక్కువగా వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. విశ్రాంతి, నీళ్ళు, అవసరమైతే పారాసిటమాల్ చాలు. తగ్గకపోతే, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళు తూలినా వెంటనే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలి. ఒకరికి జ్వరం వచ్చిందని వీధంతా మాత్రలు పారేయడం మాత్రం తప్పు. ఆ జ్వరమే, వీధిలో పురుగు ఉందని చెప్పే గుర్తు కావచ్చు.

వాచిన కాలికి రోజూ చేయవలసిన సేవ

పురుగు పాడుచేసిన నాళాల్లో నీరు నిలుస్తుంది. ఆ కాలి చర్మంలో చిన్న పగులు, వేళ్ళ సందుల్లో ఒరుపు, గీత ఏది ఉన్నా సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి. అప్పుడు చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రబడి మండిపోతుంది. ఇలా వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త లావవుతుంది. కాబట్టి కాలు పెరగకుండా ఆపే అసలు మందు శుభ్రత. సబ్బు, నీళ్ళు, పొడిగుడ్డ, రోజుకు పావుగంట ఓపిక ఉంటే చాలు.

మామూలు నీళ్ళతో, మామూలు సబ్బుతో కాలిని పైనుంచి పాదం దాకా కడగాలి. వేడినీళ్ళు వద్దు, పీచుతో రుద్దవద్దు. మడతల్లో, వేళ్ళ మధ్య వేలుపెట్టి మెల్లగా శుభ్రం చేయాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది తడి లేకుండా చేయాలి. వేళ్ళ సందుల్లో తడి మిగిలితే కడిగిన ఫలితం పోతుంది. ఒరుపు, పగులు ఉంటే డాక్టరు చెప్పిన పూత రాయాలి. కూర్చున్నప్పుడు కాలిని ముక్కాలిపీట మీద పెట్టాలి, పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి. పాదాన్ని పైకీ కిందికీ, గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. గుండె జబ్బు ఉన్నవారు ఈ ఎత్తడం, తిప్పడం డాక్టరును అడిగి చేయాలి. గోళ్ళు పొట్టిగా ఉండాలి. బిగుతు లేని చెప్పులు వేసుకోవాలి, వట్టి కాళ్ళతో పొలంలోకి వెళ్ళకూడదు.

జ్వరం, ఎరుపు వచ్చినప్పుడు కాలిని కదపకుండా పడుకుని, చల్లటి తడిగుడ్డ వేసి, నీళ్ళు బాగా తాగి, ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి యాంటీబయాటిక్ తీసుకోవాలి. ఆ సమయంలో పురుగు మందు మొదలుపెట్టరు. పసర్లు పూయడం, వాతలు పెట్టడం, గాట్లు పెట్టి రక్తం తీయడం వల్ల సూక్ష్మజీవులకు కొత్త దారి తెరిచినట్టవుతుంది.

తొలి దశలో, అంటే పొద్దుట తగ్గి సాయంత్రానికి పెరిగే వాపు ఉన్నప్పుడు మొదలుపెడితే కాలు దాదాపు మామూలుగా ఉండిపోవచ్చు. ఏళ్ళ నాటి వాపైతే పూర్తిగా తగ్గదు. కానీ జ్వరాలు తగ్గుతాయి, వాసన పోతుంది, మనిషి మళ్ళీ నలుగురిలో కూర్చుంటాడు. టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, పూత ఉండే సంచిని ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది ఇస్తారు. అడగడానికి మొహమాటపడవద్దు.

వరిబీజం

మగవారిలో ఈ పురుగు తరచుగా వరిబీజంగా బయటపడుతుంది. సిగ్గుతో ఏళ్ళ తరబడి పంచె మాటున దాచి, బరువు పనులు మానుకుని, చివరికి ఇల్లు కదలకుండా ఉండిపోయిన వారున్నారు. దీనికి శస్త్రచికిత్స ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. సూదితో నీరు తీయించుకుంటే మళ్ళీ నిండుతుంది, పుండు పట్టే ప్రమాదమూ ఉంది. వరిబీజాలన్నీ పురుగు వల్లనే రావు కాబట్టి ముందు డాక్టరు చూడాలి. మూత్రం పాలలా తెల్లగా వస్తుంటే అది కూడా ఈ పురుగు పనే కావచ్చు, చూపించుకోవాలి.

ఈ మాత్ర వెనుక భీమవరం మనిషి

ఇంట్లో మాత్ర వద్దని మొండికేసే పెద్దవారికి ఈ సంగతి చెప్పి చూడండి. డీఈసీ వచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన పరిశోధన నుంచి. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు అవసరం పెరిగింది. ఆయన బృందం ఈ మందును 1947లో లోకానికి తెలిపింది. హెట్రజాన్ అన్న పేరుతో అమ్మిన ఆ మాత్ర మన పాత తరంవారికి గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడే, 1948లో, ఆయన కన్నుమూశారు. కోస్తా తెలుగువారి కాళ్ళను పీడించిన జబ్బుకు కోస్తా తెలుగువాడి ప్రయోగశాలలోనే మందు దొరికింది.

ఆఫ్రికా వెళ్ళి వచ్చినవారికి ఒక హెచ్చరిక

మనవాళ్ళు పనులకు ఆఫ్రికా కూడా వెళుతున్నారు. అక్కడ దోమలతో కాక, కుట్టే ఈగలతో వచ్చే పురుగు జబ్బులు రెండున్నాయి. వేగంగా పారే ఏటి ఒడ్డున ఉండే చిన్న నల్ల ఈగ తెచ్చే ఆంకోసెర్సియాసిస్ చర్మాన్ని, కంటిని దెబ్బతీస్తుంది. దాన్నే నది అంధత్వం అంటారు. దానికి మందు ఐవర్‌మెక్టిన్. ఈ మందుకు దారి తీసినందుకు విలియం కాంప్‌బెల్, సతోషి ఓమురా 2015లో నోబెల్ అందుకున్నారు. రెండోది లోవా లోవా, కంటిపొరలో పురుగు కదలడం కనిపించే జబ్బు. కామెరూన్, గాబన్, కాంగో వైపు అడవి ప్రాంతాల్లో ఉంటుంది.

నది అంధత్వం ఉన్నవారు డీఈసీ వేసుకుంటే కళ్ళకు తీవ్రమైన హాని జరగవచ్చు. లోవా లోవా పురుగులు రక్తంలో బాగా ఎక్కువగా ఉన్నవారికి ఐవర్‌మెక్టిన్, డీఈసీ రెండూ మెదడుకు ప్రమాదం తేగలవు. మన దేశంలో ఈ రెండు జబ్బులూ ప్రజారోగ్య సమస్యగా లేవు, అందుకే ఇక్కడ ఊరందరికీ మాత్రలు ధైర్యంగా పంచగలుగుతున్నారు. ఆ ప్రాంతాల్లో నెలల తరబడి ఉండి వచ్చిన వారు మాత్రం మాత్ర మింగకముందే డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

ఇంటి చుట్టూ

సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి సన్నని జాలీ కట్టడం, మూత పగుళ్ళు పూడ్చడం, వీధి కాలువ పారేలా చూసుకోవడం మన చేతిలోని పనులు. మలేరియా కోసం ఇంట్లో ఉన్న దోమతెర ఈ దోమకూ పనికొస్తుంది, ఎందుకంటే ఇదీ రాత్రి కుట్టేదే.

మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, ఊరందరికీ మాత్రలు పంచడం 2004లో. 2027 నాటికి జబ్బును తరిమేయాలన్నది ఇప్పటి లక్ష్యం. పక్కనున్న శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఆ పని పూర్తిచేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వాళ్ళకు దొరికిన మందులే మనకూ దొరుకుతున్నాయి.

మిగిలింది సిగ్గు. సంబంధం చెడిపోతుందని పెళ్ళీడు పిల్ల కాలి వాపును దాస్తారు. ఆ దాచిన రెండు మూడేళ్ళే తగ్గించుకోగలిగిన వాపు తగ్గకుండా పోయే కాలం. అంటుకోని, వంశంలో దిగని జబ్బు గురించి వియ్యాలవారు భయపడవలసింది లేదు. ఈసారి ఆశా దీదీ గుమ్మంలోకి వస్తే ఇంటిల్లిపాదీ అన్నం తిని, ఆమె ఎదుటే మాత్ర వేసుకోండి. ఇంట్లో వాచిన కాలు ఉంటే ఈ రాత్రే సబ్బు, నీళ్ళు, పొడిగుడ్డ ఆ మంచం దగ్గర పెట్టండి.